ఎన్‌బీఏ ఆటల నిజాయితీ, రిఫరీల నిష్పాక్షికత గురించి సర్వసభ్య సమావేశ తీర్మానం

ఉత్తర కాలిఫోర్నియాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలతో ఏర్పడిన మా క్రీడా సంఘం, బాస్కెట్‌బాల్ ఉపసంఘం తెచ్చిన ముసాయిదాను వార్షిక సర్వసభ్య సమావేశంలో చర్చించి, సవరణలతో ఈ కింది తీర్మానాన్ని ఆమోదించింది.

పూర్వరంగం

2025 అక్టోబరు 23న అమెరికా ఫెడరల్ అధికారులు ముప్పై మందికి పైగా నిందితులపై అభియోగాలు ప్రకటించారు. వారిలో అప్పటి మయామీ హీట్ ఆటగాడు టెరీ రోజియర్, అప్పటి పోర్ట్‌లాండ్ ట్రయల్ బ్లేజర్స్ హెడ్ కోచ్ చాన్సీ బిలప్స్ ఉన్నారు. రోజియర్ మీద వచ్చిన అభియోగం బాస్కెట్‌బాల్ పందేలది. బిలప్స్ మీద వచ్చింది మోసపు పేకాటది. నేరం చేయలేదనే ఇద్దరూ కోర్టులో చెప్పారు. అయినా రెంటినీ ఒకే గాటన కట్టేసి "ఎన్‌బీఏ అంతా ఫిక్సింగే" అనడం మన ఇళ్లలో, పిల్లల నోట కూడా మామూలైపోయింది. ఆ మాటను ఖండించమని కొందరు సభ్యులు, సమర్థించమని కొందరు కోరారు. సమావేశం రెండూ చేయలేదు. ఋజువైనది ఏది, కానిది ఏది, ఋజువు కాకపోయినా సరిదిద్దాల్సింది ఏది అని విడదీసి చెప్పడమే ఈ తీర్మానం ఉద్దేశం.

ఋజువైన విషయం

టిమ్ డోనగీ పదమూడు సీజన్లు ఎన్‌బీఏ రిఫరీగా పనిచేశాడు. 2007 జులైలో రాజీనామా చేశాడు. అదే ఏడాది ఆగస్టు 15న బ్రూక్లిన్ ఫెడరల్ కోర్టులో రెండు అభియోగాలను ఒప్పుకున్నాడు. 2008 జులై 29న పదిహేను నెలల జైలుశిక్ష పడింది. తాను రిఫరీగా నిలబడిన ఆటల మీద కూడా పందేలకు సలహాలిచ్చాడు. చెప్పింది నిజమైతే మొదట్లో రెండు వేల డాలర్లు, తరవాత ఐదు వేలు ముట్టేవి. ఈ వ్యవహారంలో సహనిందితులు ఇద్దరూ అతనితో హైస్కూలులో చదువుకున్నవారే.

గెలిచే జట్టు మీదే పందెం కడతారనుకునేవారికి ఒక వివరం చెప్పాలి. ఈ పందేల్లో ఎక్కువ భాగం 'స్ప్రెడ్' మీద, అంటే ఎన్ని పాయింట్ల తేడాతో గెలుస్తారన్న దాని మీద నడుస్తాయి. కాబట్టి పందెం నెగ్గించడానికి రిఫరీ ఏ జట్టునూ ఓడించనక్కర్లేదు. ఎనిమిది పాయింట్ల తేడా ఐదుకు దిగితే చాలు. గెలవాల్సిన జట్టే గెలుస్తుంది, ప్రేక్షకుడికి అనుమానమే రాదు.

విజిల్‌తో ఆటను పందేనికి అనుకూలంగా తిప్పానని డోనగీ ఎన్నడూ ఒప్పుకోలేదు. ఆ అభియోగం అతని మీద మోపనూ లేదు. ఏ ఆటకు ఏ రిఫరీలు వస్తున్నారు, ఏ రిఫరీకి ఏ ఆటగాడంటే పడదు, ఎవరికి ఏ కోచ్‌తో స్నేహం, ఎవరికి గాయమైంది అనే లోపలి సమాచారంతోనే ఫలితాలు ఊహించానన్నాడు. అతని మాట నమ్మదగింది కాదనేవారు ఈ సంఘంలోనూ ఉన్నారు. కానీ నమ్మితే సంగతి తేలికపడదు, ఇంకా బరువెక్కుతుంది. విజిల్ ఎవరి చేతిలో ఉందో తెలిస్తే డబ్బు సంపాదించవచ్చంటే, రిఫరీ ఇష్టాయిష్టాలు స్కోరుబోర్డు దాకా వెళుతున్నాయనే కదా అర్థం. లీగ్ పెద్దలు డోనగీని ఒంటరి దొంగగా చూపి గుమ్మం మూసేశారు. అతను అమ్మిన సరుకుకు విలువ ఎందుకు వచ్చిందన్న ప్రశ్న మాత్రం గుమ్మం బయటే నిలబడిపోయింది.

అప్పటిదాకా రిఫరీల పేర్లను ఆటకు కాస్త ముందు వరకు రహస్యంగా ఉంచేవారు. ఆ రహస్యమే డోనగీకి పెట్టుబడి అయింది. తరవాత ఆట రోజు ఉదయమే పేర్లు ప్రకటించడం మొదలుపెట్టారు. లీగ్ చేసిన మార్పుల్లో ఈ చిన్న మార్పు సరైన దిశలో పడిన అడుగని సమావేశం భావిస్తున్నది.

ఋజువు కాని విషయం

శాక్రమెంటో చుట్టుపక్కల ఉండే సభ్యుల దగ్గర 2002 మే 31 మాట ఎత్తడమే కష్టం. వెస్టర్న్ కాన్ఫరెన్స్ ఫైనల్‌లో శాక్రమెంటో కింగ్స్ 3–2 ఆధిక్యంతో, ప్రత్యర్థి లేకర్స్ ఊరైన లాస్ ఏంజెలెస్ వెళ్లారు. ఆరో ఆట గెలిస్తే ఎన్‌బీఏ ఫైనల్స్‌కు వెళ్లేవారు. లేకర్స్ 106–102తో గెలిచారు. చివరి క్వార్టర్‌లో, అంటే పన్నెండు నిమిషాల్లో, లేకర్స్‌కు 27 ఫ్రీ త్రోలు వచ్చాయి. కింగ్స్ తరఫున బుట్ట దగ్గర ఆడే వ్లాడీ డీవాట్స్, స్కాట్ పొలార్డ్ ఇద్దరూ ఆరేసి ఫౌళ్లతో బయటికి వెళ్లారు. ఆఖరి క్షణాల్లో కోబీ బ్రయంట్ మోచేయి మైక్ బిబీ ముఖానికి తగిలింది, విజిల్ మోగలేదు. వినియోగదారుల హక్కుల కోసం పోరాడే రాల్ఫ్ నాడర్, రిఫరీయింగ్‌పై విచారణ జరపాలని అప్పటి కమిషనర్ డేవిడ్ స్టెర్న్‌కు లేఖ రాశారు.

ఆరేళ్ల తరవాత, 2008 జూన్‌లో, డోనగీ లాయరు కోర్టుకు ఒక లేఖ సమర్పించారు. 2002 ప్లేఆఫ్స్‌లో ఒక సిరీస్‌ను ఏడో ఆట దాకా లాగడానికి ఇద్దరు రిఫరీలు ఆరో ఆటను ఒక జట్టు వైపు మొగ్గించారని అందులో ఉంది. జట్ల పేర్లు లేవు. అవసరమూ లేకపోయింది, ఆ ఏడాది ఏడు ఆటల దాకా వెళ్లిన సిరీస్ అదొక్కటే.

ఈ ఆరోపణ నిలబడలేదు. లీగ్ నియమించిన మాజీ ఫెడరల్ ప్రాసిక్యూటర్ లారెన్స్ పెడోవిట్జ్ 2008 అక్టోబరులో నివేదిక ఇచ్చారు. ఆరో ఆటను ఎవరైనా కావాలని తిప్పారనడానికి ఆయనకు ఆధారం దొరకలేదు. డోనగీ తప్ప మరే రిఫరీ మీదా ప్రభుత్వం కేసు పెట్టలేదు. ఆరోపించిన మనిషి శిక్ష కోసం ఎదురుచూస్తున్న నేరస్థుడు, పేర్లు చెబితే శిక్ష తగ్గుతుందని ఆశించే అవసరం అతనికి ఉంది. ఇవన్నీ లెక్కలోకి తీసుకుని, ఆ ఆటను ఈ సంఘం అధికారికంగా "ఫిక్స్ అయిన ఆట" అని పిలవబోదు. అలా పిలవాలని వచ్చిన సవరణ ఓటింగ్‌లో వీగిపోయింది.

నచ్చకపోయినా మరో సంగతీ నమోదు చేయాలి. ఏడో ఆట శాక్రమెంటోలోనే, మన జనం మధ్యే జరిగింది. ఓవర్‌టైమ్ దాకా వెళ్లిన ఆ ఆటలో కింగ్స్ 30 ఫ్రీ త్రోలలో 14 పోగొట్టుకున్నారు. ఫ్రీ త్రో వేసేటప్పుడు రిఫరీ అడ్డం రాడు.

ఇదే సిరీస్ నాలుగో ఆట గురించి ఇంత గొడవ లేదు. కానీ ఉపసంఘం దాన్నే ఎక్కువసేపు చర్చించింది. తొలి సగం ముగింపు బజర్ మోగాక లేకర్స్ ఆటగాడు శామకీ వాకర్ చేతిలోంచి బంతి వెళ్లింది. రిఫరీలు మూడు పాయింట్లు ఇచ్చేశారు. వీడియో చూసే నిబంధన అప్పట్లో లేదు. ఆట చివర రాబర్ట్ హోరీ వేసిన మూడు పాయింట్ల షాట్‌తో లేకర్స్ 100–99తో గెలిచారు. ఒక్క పాయింటు తేడా. ఇందులో కుట్ర ఉందని ఎవరూ అనలేదు, మనుషుల కంటిపొరపాటు మాత్రమే. ఆ తరవాతి సీజన్ నుంచి బజర్ షాట్లకు రీప్లే పెట్టారు. ఎవరు దొంగ అని వెతకకుండా తప్పు ఎలా జరిగిందని అడిగిన చోట ఆట బాగుపడిందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఈ సమావేశానికి దొరకలేదు.

కుట్ర లేకుండానే పక్షపాతం

జోసెఫ్ ప్రైస్, మార్క్ రెమర్, డేనియల్ స్టోన్ అనే ఆర్థికవేత్తలు 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. బంతి చేజారిన సందర్భాలను వారు రెండు రకాలుగా విడదీశారు. ట్రావెలింగ్, అఫెన్సివ్ ఫౌల్ వంటివి రిఫరీ విచక్షణ మీద ఆధారపడేవి. బంతి గీత దాటడం, ఎదుటివాడు లాక్కోవడం వంటివి విచక్షణకు పెద్దగా చోటు లేనివి. రిఫరీ విచక్షణ ఉన్న చోట సొంత మైదానంలో ఆడే జట్టుకు, ఆటలో వెనకబడిన జట్టుకు, సిరీస్‌లో వెనకబడిన జట్టుకు కాస్త మొగ్గు కనిపించింది. ఈ మూడూ లీగ్ ఆదాయానికి మంచివే. ఎవరో ఆదేశించారని వారు ఋజువు చేయలేదు. ఆదేశం అక్కర్లేదేమో కూడా. ఇరవై వేల మంది అరుస్తుంటే మనిషి చెవి, మనిషి చెయ్యి అరుపు వైపే వంగుతాయి. మన సంఘం టోర్నమెంట్లలో పిల్లల ఆటకు విజిల్ పట్టిన ప్రతి సభ్యుడికీ ఇది అనుభవమే.

పందేల వ్యాపారం

2018 మే 14న సుప్రీంకోర్టు తీర్పుతో రాష్ట్రాలు క్రీడా పందేలను అనుమతించుకునే వీలు వచ్చింది. కమిషనర్ ఆడమ్ సిల్వర్ అంతకు మూడున్నరేళ్ల ముందే ఒక పత్రికా వ్యాసంలో చట్టబద్ధం చేసి నియంత్రించాలని కోరారు. చాటుమాటుగా నడిచేదాన్ని వెలుగులోకి తెస్తే అక్రమం బయటపడుతుందన్నది ఆయన వాదన. అందులో కొంత నిజముంది. టొరంటో రాప్టర్స్ ఆటగాడు జాంటే పోర్టర్ వ్యవహారం బయటపడింది అలాగే. 2024 మార్చి 20న, అదీ మన కింగ్స్‌తో ఆటలో, అతను కొద్ది నిమిషాలు ఆడి ఒంట్లో బాగోలేదని వెళ్లిపోయాడు. అతని అంకెలు తక్కువే ఉంటాయని ఒకరు 80,000 డాలర్ల పందెం కట్టారు. నెగ్గితే 11 లక్షల డాలర్లు. అనుమానించిన పందేల కంపెనీ సొమ్ము ఆపేసింది. ఏప్రిల్‌లో లీగ్ పోర్టర్‌ను జీవితకాలం నిషేధించింది, జులైలో అతను కోర్టులో నేరం ఒప్పుకున్నాడు.

అయితే వాదనలో రెండో సగం ఆ వ్యాసంలో లేదు. ఒక ఆటగాడు ఎన్ని పాయింట్లు వేస్తాడు, ఎన్ని రీబౌండ్లు పడతాడు అనే 'ప్రాప్' పందేలు లేకపోతే పోర్టర్ దగ్గర అమ్మడానికేమీ ఉండేది కాదు. ఆట ఓడిపోవడానికి సాధారణంగా ఒక్కడు చాలడు. తన అంకె తగ్గించుకోవడానికి ఒక్కడు కడుపు పట్టుకుంటే చాలు. పందేల కంపెనీలతో వ్యాపార ఒప్పందాలు చేసుకున్న లీగే ఆట శుభ్రంగా ఉందో లేదో కూడా తేలుస్తోంది. కాలిఫోర్నియా ఓటర్లు 2022 నవంబరులో క్రీడా పందేల ప్రతిపాదనలు రెంటినీ తిరస్కరించారు. ఎన్‌బీఏ ఆటల ప్రసారాల్లో పందేల ప్రకటనలు మాత్రం మన ఇంటి టీవీలో ఆగలేదు.

నిర్ణయాలు

పై విషయాలను పరిశీలించిన మీదట, ఈ సర్వసభ్య సమావేశం ఇలా తీర్మానిస్తున్నది:

ఒకటి. ఎన్‌బీఏలో రిఫరీల నియామకం, మదింపు, క్రమశిక్షణ లీగ్ వ్యాపార విభాగాలతో సంబంధం లేని స్వతంత్ర సంస్థ చేతికి వెళ్లాలి. పెడోవిట్జ్ నిజాయితీని ఈ సమావేశం శంకించడం లేదు. కానీ ఎవరి మీద విచారణో వారే విచారణాధికారిని నియమించుకుంటే, నిజం చెప్పినా నమ్మేవారు తక్కువ.

రెండు. 2015 నుంచి లీగ్ హోరాహోరీ ఆటల చివరి రెండు నిమిషాల రిఫరీ నిర్ణయాలను సమీక్షించి ప్రకటిస్తోంది. ఇది మెచ్చదగిన పని, కానీ చాలదు. 2002 నాటి ఆరో ఆటకు ఇదే పద్ధతి ఉన్నా, వివాదం చెలరేగిన పన్నెండు నిమిషాల్లో పది నిమిషాలు సమీక్షకే వచ్చేవి కావు. ప్లేఆఫ్ ఆటల్లోనైనా మొత్తం నలభై ఎనిమిది నిమిషాల సమీక్షను ప్రకటించాలి. ఏ నిర్ణయం ఏ రిఫరీదో తెలిసేలా వివరాలు బయట పెట్టాలి, బయటి పరిశోధకులు లెక్క తేల్చుకోగలగాలి.

మూడు. ఒక్క ఆటగాడి అంకెల మీద, ముఖ్యంగా అంకె తగ్గుతుందనే పందేలు పూర్తిగా ఆపాలి. పోర్టర్ ఉదంతం తరవాత టూ-వే, పది రోజుల వంటి తక్కువ జీతపు ఒప్పందాల ఆటగాళ్ల మీద మాత్రమే, అంకె తగ్గుతుందనే పందేలను ఆపారు. పెద్ద జీతం ఉన్నవాడికి ఆశ ఉండదనే భరోసా ఎవరూ ఇవ్వలేరు.

నాలుగు. రోజియర్, బిలప్స్ కేసుల్లో కోర్టు తేల్చేదాకా ఈ సంఘం సభ్యులు సంఘం వేదికల మీద, సంఘం గ్రూపుల్లో వారిని దోషులుగా పేర్కొనరాదు. హైదరాబాదు నుంచి వచ్చిన సభ్యులకు క్రికెటర్ అజహరుద్దీన్ మీద వచ్చిన మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణల వ్యవహారం గుర్తుంటుంది. 2000లో క్రికెట్ బోర్డు విధించిన జీవితకాల నిషేధం చెల్లదని 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పేసరికి ఆయన ఆడే వయసు దాటిపోయింది. ఆయన చేశారా లేదా అన్న వాదన ఇప్పటికీ మన భోజనాల బల్ల దగ్గర తెగదు. విచారణ సరిగ్గా జరగకపోతే నిందితుడికీ న్యాయం దక్కదు, అభిమానికీ నిజం దక్కదు.

ఐదు. సంఘం సొంత టోర్నమెంట్లలో తమ పిల్లలు గాని దగ్గరి బంధువులు గాని ఆడే ఆటకు ఎవరూ రిఫరీగా నిలబడరాదు. సరదాకైనా, డిన్నర్ పందెమైనా, మైదానంలో పందేలు కట్టరాదు. హైస్కూలు వయసు పిల్లలు విజిల్ పట్టినప్పుడు గీత అవతలి నుంచి అరిచే తల్లిదండ్రులను నిర్వాహకులు ఒకసారి హెచ్చరించి, రెండోసారి బయటికి పంపాలి. ఈ అంశం మీదే చర్చ అన్నిటికన్నా వేడిగా సాగిందని కార్యదర్శి నమోదు చేస్తున్నారు.

ఆరు. ఈ తీర్మానం ఇంగ్లీషు ప్రతిని ఎన్‌బీఏ కమిషనర్ కార్యాలయానికి, రిఫరీల యూనియన్‌కు, శాక్రమెంటో కింగ్స్ యాజమాన్యానికి పంపాలి. తెలుగు ప్రతిని సభ్యులందరికీ అందించాలి.

ఒకటి, రెండు, నాలుగు, ఆరు అంశాలు ఏకగ్రీవంగా, మూడు, ఐదు మెజారిటీతో ఆమోదం పొందాయి. పెద్దల మధ్య డిన్నర్ పందేన్ని నిషేధించడం మితిమీరిన జోక్యమంటూ ఐదో అంశంపై కొందరు సభ్యులు తెలిపిన అసమ్మతిని, వారి కోరిక మేరకు, ఈ తీర్మానంలో భాగంగా చేర్చడమైనది.