రాతినార మీద సుత్తి దెబ్బ

విజయవాడ గవర్నర్‌పేటలో పాత మేడలు ఒక్కొక్కటే నేలమట్టమవుతున్నాయి. బీసెంట్ రోడ్డు వెనక సందుల్లో పగలు లారీ ఆపే చోటుండదు కాబట్టి, కొట్లు కట్టేశాక రాత్రిపూటే ఆ పని మొదలవుతుంది. మొన్న అలాంటి ఒక సందులో ఆగి చూశాను. మేడ మీద రేకుల గది. రేకుల్ని పట్టి ఉంచిన జె బోల్టులు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. పైనున్న కుర్రాడు రెండుసార్లు పానా వేసి చూశాడు, తిరగలేదు. బోల్టు చుట్టూ సుత్తితో కొట్టాడు. రేకు విరిగి కింద పడింది. వీధి దీపం వెలుతురులో తెల్లటి దుమ్ము తొందర లేకుండా దిగింది. ముక్క అంచున పత్తి నూగులాంటి సన్నటి పోగులు కనిపించాయి. ఇద్దరు ఆడకూలీలు పొడి చీపుళ్ళతో అదంతా ఊడ్చి తట్టలకెత్తారు. ఎవరి ముక్కుకైనా ఏదైనా ఉందంటే, అది పాత తువ్వాలే.

ఆ పోగులే ఆస్బెస్టాస్. మన పాఠ్యపుస్తకాలు దీన్ని రాతినార అన్నాయి, అంతకన్నా సరైన పేరు ఉండదు. పుట్టుక రాయి, గుణం నార. కాలదు, చివకదు, చెద పట్టదు. మన పులివెందుల ప్రాంతంలోనూ దీన్ని తవ్వారు. సిమెంటులో సుమారు పదో వంతు ఈ నార కలిపితే గట్టి రేకు తయారవుతుంది. 1946లో హైదరాబాద్‌లో మొదలైన కంపెనీ అమ్మిన చార్మినార్ రేకుల పేరు తెలియని తెలుగు పల్లె ఉండదు. కృష్ణా డెల్టాలాంటి ఉప్పుగాలి నేల మీద ఇనుప రేకు తుప్పు పడుతుంది, తాటాకుకి నిప్పంటుకుంటుంది. పేదవాడికి, చిన్న వ్యాపారికి సిమెంటు రేకు నిజంగానే ఆసరా అయింది. అది కప్పుకున్నవాళ్ళని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

రేకు కప్పు మీద ఉన్నన్నాళ్ళూ చిక్కు పెద్దగా లేదు. నార సిమెంటులో బందీగా ఉంటుంది. పగలగొట్టినప్పుడు, కటింగ్ మిషన్‌తో కోసినప్పుడు, సున్నం వేసే ముందు ఇనుప బ్రష్‌తో గీకినప్పుడు అది విడుదలవుతుంది. పాత హాళ్ళలో సీలింగుకి కొట్టిన చదును షీట్లకి ఫ్యాను కోసం, ఏసీ పైపు కోసం డ్రిల్లు వేసినా అంతే. కంటికి ఆనని ఆ పోగు ఊపిరితిత్తుల అడుగుకి చేరి అక్కడే ఉండిపోతుంది. శరీరం దాన్ని కరిగించుకోలేదు. ఆస్బెస్టోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్, ఊపిరితిత్తుల పైపొరకి వచ్చే మెసోథీలియోమా బయటపడడానికి చాలాసార్లు 20 నుంచి 40 ఏళ్ళు పడుతుంది. ఈ రాత్రి పాతికేళ్ళ కుర్రాడు పీల్చిన దుమ్ము అతనికి యాభై, అరవై ఏళ్ళు వచ్చాక లెక్క అడుగుతుంది. అప్పటికి ఈ మేడ గానీ, పని చేయించిన మేస్త్రీ గానీ ఎవరికి గుర్తుంటారు? డాక్టరు బీడీల గురించి అడుగుతాడు, టీబీ పరీక్ష రాస్తాడు. తెల్ల రకం ఆస్బెస్టాస్‌తో ప్రమాదం లేదని పరిశ్రమ ఏళ్ళ తరబడి చెబుతూనే ఉంది. అన్ని రకాలూ క్యాన్సర్ కారకాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా తేల్చింది. ఇక ఇందులో రెండు పక్షాలున్నట్టు మాట్లాడడం తగదు.

ఇదే నార విషయంలో సముద్రం అవతల జాగ్రత్త వేరు. మన పిల్లలు అమెరికాలో పాత ఇళ్ళు కొంటున్నారు. వాటి సీలింగులకి గరుకుగా, పేలాలు చల్లినట్టు పూత ఉంటుంది. పాప్‌కార్న్ సీలింగ్ అంటారు. అలాంటి పూతల్లో ఆస్బెస్టాస్ చల్లడాన్ని అక్కడి ప్రభుత్వం 1978లో నిషేధించింది. అప్పటికే తయారైన సరుకు ఆ తర్వాతా కొంతకాలం వాడారు. అందుకే 1980ల దాకా కట్టిన ఇల్లయితే గీకే ముందు చిన్న ముక్క తడిపి తీసి, ల్యాబ్‌కి పంపి చూపించుకోమంటారు. ఉందని తేలితే ముట్టుకోకుండా దాని మీద కొత్త బోర్డు బిగిస్తారు, లేదా లైసెన్సున్న మనుషుల చేత తీయిస్తారు. కొడుకు ఇంటి సీలింగుకి ఇంత జాగ్రత్త. అదే కొడుకు గవర్నర్‌పేటలోని తండ్రి మేడని బిల్డరుకి ఇచ్చినప్పుడు, పైనున్న రేకుల సంగతి ఒప్పందంలో ఒక్క ముక్క కూడా ఉండదు.

మనకి చట్టం అసలు లేదని కాదు. 1995 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గొప్పది. రాసింది తెలుగు న్యాయమూర్తి జస్టిస్ కె. రామస్వామి. కార్మికుడి ఆరోగ్యం జీవించే హక్కులో భాగమన్నారు. ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులు 40 ఏళ్ళు దాచాలన్నారు. కానీ ఆ రికార్డు ఉండాలంటే ఫ్యాక్టరీ ఉండాలి, మస్టరు ఉండాలి. రాత్రి కూలికి సుత్తి పట్టినవాడి పేరు ఏ మస్టరులోనూ లేదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో ఆస్బెస్టాస్ ఉత్పత్తిలో మిగిలే వ్యర్థం పేరుంది. మేడ మీంచి రాలిన ముక్కలు మాత్రం కాలువ గట్టుకో, పల్లం పూడ్చడానికో పోతున్నాయి. కాస్త బాగున్న రేకు పశువుల కొట్టం మీదికి ఎక్కుతుంది. తుఫాను వెళ్ళిన మర్నాడు డెల్టా ఊళ్ళలో విరిగిన రేకుల్ని అందరూ ఉత్త చేతులతోనే ఏరుతారు.

అందుకే ఈ విషయాన్ని పట్టుకోవలసిన చోటు కూల్చివేత అనుమతే. పాత కట్టడం తీసే ప్రతి దరఖాస్తులోనూ సిమెంటు రేకులు, సీలింగు షీట్లు ఉన్నాయా అని విజయవాడ నగరపాలక సంస్థ అడగాలి. ఇప్పుడు ఆస్బెస్టాస్ లేని రేకులూ వస్తున్నాయి. చూపుకి రెండూ ఒకటే కాబట్టి ల్యాబ్ కాగితం లేనంతవరకు ఉన్నట్టే లెక్క. ఉంటే గోడ మీద గునపం పడేలోపు వాటిని విడిగా దించాలి. ఆ ముక్కలు ఎక్కడికి చేర్చాలో నగరపాలక సంస్థే చూపించాలి, లేకపోతే కాలువ గట్టే గతి.

దించే పద్ధతి చేతకానిదేమీ కాదు. ముందు రేకుల్ని నీళ్ళతో నిదానంగా తడపాలి, పైపు జోరుగా కొట్టకూడదు. తిరగని బోల్టుని బోల్టు కట్టరుతో తెంపి, రేకుని విరగకుండా చేతికి చేయి అందించి దించాలి. పాత రేకు మీద అడుగేస్తే విరిగి మనిషి కిందికి పోతాడు, కాబట్టి పలకలు వేసుకోవాలి. దించిన రేకుల్ని మందపాటి ప్లాస్టిక్‌లో రెండు పొరలు చుట్టి, పైన ఆస్బెస్టాస్ అని రాయాలి. ముక్కుకి తువ్వాలు పనికిరాదు, ముఖానికి అతుక్కునే పీ100 రకం మాస్కు కావాలి. పొడి చీపురు వాడకూడదు, తడిగుడ్డతో తుడవాలి. పని బట్టలు ఇంటికి వెళ్ళకూడదు. భర్తల పని బట్టలు ఉతికిన ఆడవాళ్ళకి కూడా మెసోథీలియోమా వచ్చిన ఉదంతాలు పలు దేశాల్లో నమోదయ్యాయి.

ఖర్చు పెరుగుతుందని బిల్డర్లు అంటారు. పెరుగుతుంది. ఒక డ్రమ్ము నీళ్ళు, నాలుగు మాస్కులు, ప్లాస్టిక్ చుట్ట, ఒకటి రెండు రోజుల అదనపు కూలి. గవర్నర్‌పేటలో గజం ఏ ధర పలుకుతోందో తెలిసినవాళ్ళు ఆ మాట అనకూడదు.

ఆ రాత్రి పని ముగించుకుని కుర్రాడు కిందికి దిగాడు. ముక్కుకి కట్టుకున్న తువ్వాలు విప్పి రెండుసార్లు దులిపాడు, మొహం తుడుచుకున్నాడు, మడిచి క్యారేజీ సంచిలో పెట్టుకున్నాడు.