ఈశాన్యం పల్లం సరే, ఆ తర్వాత?

మన పల్నాడులో ఇల్లు కట్టేవాళ్ళకి నేల వాలు గురించి గట్టిగా తెలిసిన రూలు ఒక్కటే. నైరుతి మెరక, ఈశాన్యం పల్లం. మేస్త్రీ నుంచి మావగారి దాకా దీని మీద రెండో మాట ఉండదు. వాస్తుని వెక్కిరించట్లేదు, వాన నీళ్ళు ఒక మూలకి పోవాలనుకోవడం మంచి ఇంజనీరింగే. కానీ నా ఈశాన్యం మూల అవతలాయనకి నైరుతి కదండీ! ఆయనక్కడ మట్టి తోలించి మెరక చేసి కూర్చుంటే నా నీళ్ళు ఎటు పోవాలి?

నా చిన్నప్పుడు రోడ్డు మీంచి మా ఇంటికి మూడు మెట్లెక్కేవాళ్ళం. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది వేసుకుంటూ పోయారు. ఇప్పుడు ఒక మెట్టు దిగుతున్నాం. ఇది చూసిన పక్కింటాయన రేపు వెయ్యబోయే రోడ్డుక్కూడా లెక్కేసి మూడడుగులు మెరక తోలించాడు. ఆయన్నేం అనగలం? వానొస్తే మా నాన్న మోటారు పెట్టి తోడుకుంటున్నారు. అసలే నల్లరేగడి, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది, గోడలు పగలక ఏమౌతాయి. మాచర్ల వైపైతే పెరడంతా నాపరాళ్ళే, చుక్క ఇంకదు.

రూల్స్ లేవా అంటే ఉన్నాయి. బేస్‌మట్టం చుట్టుపక్కల నేల కంటే కనీసం 45 సెంటీమీటర్లు ఎత్తుండాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ అంటుంది. మెరక తోలకముందు నేలా, తోలాక నేలా? 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 7వ సెక్షన్ ఇంకా ముచ్చటగా ఉంటుంది. పై నేల మీద పడిన నీళ్ళు సహజంగా కిందికి పారుతుంటే కింది నేలవాడు పారనివ్వాలట. హక్కైతే ఉంది, తేల్చుకోవాలంటే సివిల్ కోర్టు. పక్కింటాయన మీద కేసేసి సంక్రాంతికి ఏ మొహంతో అరిసెలు పంపిస్తాం?

అమెరికాలో ఇల్లు కొన్న మిత్రులకి తెలిసే ఉంటుంది. అక్కడి రెసిడెన్షియల్ కోడ్ ప్రకారం పునాది నుంచి మొదటి 10 అడుగుల్లో 6 అంగుళాల వాలుండాలి. చాలా ఊళ్ళలో హద్దు దాటి మట్టి పోస్తే గ్రేడింగ్ పర్మిట్ తీసుకోవాలి. టెక్సస్ వాటర్ కోడ్ 11.086 అయితే వాన నీటి దారి మళ్ళించి పక్కవాడి ఆస్తి పాడుచేస్తే నష్టపరిహారం కట్టమంటుంది. అక్కడ ఇవన్నీ బుద్ధిగా పాటించే మనవాడే ఇక్కడ అమ్మానాన్నలకి ఇల్లు కట్టిస్తూ, "ఇంకో నాలుగు ట్రక్కులు తోలించండి నాన్నా" అని ఫోన్ చేస్తాడు :)

అలాగని ఆ పర్మిట్‌ని ఉన్నదున్నట్టు ఇక్కడికి దించేద్దామంటే నేనొప్పుకోను. రోడ్డే ఏటికేడు లేస్తుంటే ఇంటివాడు దేన్ని చూసి కొలుచుకోవాలి? లంచానికి ఇంకో కౌంటర్ తెరిచినట్టవుతుంది, అంతే. ముందు మున్సిపాలిటీ తన రోడ్డుకి మట్టం ఖాయం చెయ్యాలి. వీధి మొదట్లో ఒక రాయి పాతి, ఆ మట్టం చెక్కి, కొత్త రోడ్డు వేసినప్పుడల్లా పాతది గీకి ఆ గీత దాటకుండా వెయ్యాలి. రాళ్ళకేం కొదవ లేదుగా మన దగ్గర. ఆ తర్వాత ఇంటి ప్లానులో రెండు గడులు పెడితే చాలు: ఆ గీత నుంచి మీ స్థలం ఎంత ఎత్తు, మీ నీళ్ళు ఏ కాలవలోకి. రెండో గడిలో "పక్కింట్లోకి" అని ఎవరూ రాయలేరు కదా.