ఊరికి ఏ మందు వచ్చింది?

మా చిన్నాయన తాగి చనిపోలేదు. తాగుడు మానేసి చనిపోయాడు.

ఊళ్లో ఇప్పటికీ "తాగి సచ్చిండు" అనే అంటారు. పదేళ్లకు పైగా వింటూ ఊరుకున్నాను. ఇవాళ రాస్తున్నాను.

చిన్నాయనది ఇసుక లారీలకు ఎత్తే పని. సాయంత్రం మేస్త్రీ కూలీతో పాటు క్వార్టరు సీసా కూడా చేతిలో పెట్టేవాడు. ఒళ్లు నొప్పులకు అదే మందు, మర్నాడు పనిలోకి రప్పించే బయానా కూడా అదే. ఇరవై ఏళ్లు అట్లా గడిచాయి. బిడ్డకు సంబంధం చూడటానికి వచ్చినవాళ్ల ముందు తూలిపడ్డాడు. ఆ రాత్రే చిన్నమ్మ చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా.

రెండో రోజు చేతులు వణికాయి. మూడో రాత్రి గోడల మీద పురుగులు పాకుతున్నాయని కేకలేశాడు. గాలి సోకిందని మావాళ్లు తాయత్తు కట్టించారు. "మానేసిండు గదా బిడ్డా, ఇంకేమైంది ఈయనకు?" అని చిన్నమ్మ ఫోన్లో ఏడ్చింది. నాలుగో రోజు దగ్గర్లోని సర్కారు దవాఖానకు తీసుకుపోతే, చెయ్యి పట్టి చూసినవాళ్లు లేరు. "తాగుబోతు కేసులు ఇక్కడ చూడం, పట్నం తీసుకుపోండి" అన్నారు. మా ఊరికి ఎర్రగడ్డ 130 కిలోమీటర్లు. ఆటో సగం దారి కూడా దాటలేదు.

నేనప్పుడు తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇన్ని పుస్తకాలు చదివిన నాకూ అది జబ్బు అని తెలియదు. తర్వాత ఒక డాక్టరమ్మ చెబితే తెలిసింది. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగిన మనిషి ఒక్కసారిగా ఆపేస్తే మెదడు అదుపు తప్పుతుంది. మొదట వణుకు, చెమటలు. తొలి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనిపించడం, తత్తరపాటు, జ్వరం. పట్టించుకోకపోతే ప్రాణం పోతుంది. దీనికి వాడే డయాజిపామ్, లోరాజిపామ్, థయమిన్ అనే బి1 విటమిన్ కొత్తవీ కావు, ఖరీదైనవీ కావు. ముదిరిన కేసుకు పెద్దాసుపత్రే కావాలి. అయితే మొదటి మోతాదు ఇచ్చి, 108 ఎక్కించి పంపడం మండలంలో జరగాల్సిన పని.

మందు అనే మాటకు తెలుగులో రెండు అర్థాలు. మా ఊరికి ఒకటే అర్థం చేరింది.

అది ఎట్లా చేరిందో చూడండి. 2023లో తెలంగాణలో 2,620 వైన్ షాపులకు దరఖాస్తులు పిలిచారు. ఒక్కో దరఖాస్తుకు 2 లక్షలు, లాటరీ తగలకపోతే తిరిగి ఇవ్వరు. లక్షకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అంతకు ముందే, 2021లో, ఆ షాపుల్లో ఎస్సీలకు 10 శాతం రిజర్వేషన్ కూడా ఇచ్చారు. అమ్ముకోవడానికి మనకు కోటా ఉంది. తాగి జబ్బుపడ్డవాడికి మండల దవాఖానలో మంచం మాత్రం లేదు. షాపు నుంచి బెల్టు షాపుకు, అక్కడి నుంచి మన వాడ మొదటి ఇంటికి సీసా నడిచొచ్చింది. డాక్టరుకే దారి దొరకలేదు.

చట్టం లేక కాదు. ప్రాథమిక ఆరోగ్య వ్యవస్థలోనే మానసిక వైద్యం కలపాలని 1982 జాతీయ కార్యక్రమంలోనే రాసుకున్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా జబ్బుగానే లెక్కించింది. 18వ సెక్షన్ చికిత్సను హక్కు అంది, ప్రాథమిక స్థాయి నుంచే అందాలంది. మరి 2015-16 జాతీయ సర్వేలో మద్యం వల్ల జబ్బుపడ్డ వందమందిలో 86 మందికి చికిత్సే అందడం లేదని తేలింది. మా చిన్నాయన ఆ 86 మందిలో ఒకడు.

ఇప్పుడు మనవాళ్ల మాట. మొన్న ఒక తమ్ముడు, చురుకైన కార్యకర్త, "అన్నా, కులం పెట్టిన గాయానికి గోళీ మందా? కౌన్సెలింగ్ పేరుతో రాజకీయాన్ని చంపుతారు" అన్నాడు. ఆ అనుమానం ఊరికే రాలేదు. 2016లో రోహిత్ వేముల పోయినప్పుడు డిప్రెషన్ అనే మాటను కులం మీద కప్పాలని చూసినవాళ్లను మనమంతా చూశాం. కానీ తమ్ముడూ, విరిగిన కాలికి కట్టు కట్టించుకుంటే విరగ్గొట్టినవాణ్ణి క్షమించినట్టు కాదు. కట్టు కట్టించుకున్నవాడే రేపు ఊరేగింపులో నడుస్తాడు.

మనలో ఇంకో తప్పు కూడా ఉంది. "వాళ్లు తాగుబోతులు" అని ఊరు అంటే, మనం సిగ్గుతో తలుపేసుకున్నాం. మన సభల్లో తాగుడు గురించి నీతులు చెప్పాం, చికిత్స అడగలేదు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. వాళ్ల పోరాటం రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధాన్ని, 1995లో సంపూర్ణ మద్య నిషేధాన్ని తెచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు. ఆ తల్లుల పోరాటం ముందు తల వంచుతాను. అయినా ఒక మాట చెప్పాలి: దుకాణం మూస్తే జబ్బు మాయం కాదు. 2020 లాక్‌డౌన్‌లో షాపులు మూసినప్పుడు ఎర్రగడ్డ ముందు కట్టిన వరుసే సాక్ష్యం. మూయించడం, బాగుచేయడం రెండూ మన డిమాండే కావాలి.

బీపీ, షుగర్ గోళీలు ఊళ్లోనే ఇస్తున్నారు కదా. ఆశ, ఏఎన్ఎం అదే రిజిస్టరులో తాగుడు గురించి, నిద్ర గురించి, దిగులు గురించి నాలుగు ప్రశ్నలు చేర్చలేరా? నెలకు ఒక నిర్ణీత రోజున జిల్లా మానసిక వైద్య బృందం ప్రతి పీహెచ్‌సీకి రావాలి. మన వాడల ఆడపిల్లలకు శిక్షణ ఇచ్చి, జీతమిచ్చి కౌన్సెలర్లుగా పెట్టాలి. "తాగుబోతు కేసు" అని తిప్పి పంపితే ఎవరు పంపారో కాగితం మీద రాసివ్వాలి.

విద్యార్థులారా, సెలవులకు ఊరికి పోయినప్పుడు మీ పీహెచ్‌సీకి వెళ్లండి. ఈ మూడు మందుల స్టాకు ఎంతో, మానసిక వైద్యుడు చివరిసారి ఎప్పుడొచ్చాడో సమాచార హక్కు కింద అడగండి. ఇంట్లో రోజూ తాగే మనిషి ఉంటే ఒట్టు పెట్టించి ఒక్కసారిగా ఆపించకండి, ముందు డాక్టరుకు చూపించండి. టెలీ మానస్ నంబరు 14416, రాత్రైనా పగలైనా ఉచితం. అయితే ఫోను దవాఖాన కాదు, అది గుర్తుపెట్టుకోండి.

చిన్నాయన బిడ్డ పెళ్లి తర్వాత జరిగింది. కాళ్లు కడగాల్సిన చోట నేను కూర్చున్నాను. ఆయన తాగకుండా బతికిన ఆ నాలుగు రోజులు ఆ పెళ్లి కోసమే.

జై భీమ్.