ముగ్గుతో గీసిన ఊరిపటం

నీళ్ళ విషయంలో ప్రభుత్వం పల్లెలకు వేసిపెట్టే ప్రణాళికలంటే నాకు చాలాకాలంగా అనుమానం. అందుకు కారణం మా ఊరి రచ్చబండ దగ్గర వేసిన ఒక ముగ్గు. వాటర్‌షెడ్ పథకం కింద అధికారులు అనంతపురం జిల్లాలోని మా పల్లెకు వచ్చిన రోజున, రంగుముగ్గులతో నేలమీద ఊరిపటం గీయించారు. వంకకు నీలం, గుట్టకు ఎరుపు, చేలకు పచ్చ. మా నాన్నగారు కూడా వంగి మా బావి ఎక్కడుందో చూపించారు. వచ్చినవారు దాన్ని కాగితంమీదికి ఎక్కించుకొని వెళ్ళిపోయారు. సాయంత్రానికి మేకలు తొక్కి ముగ్గు చెరిగిపోయింది. కాగితం మళ్ళీ ఊరి మొహం చూడలేదు.

పథకం వ్యర్థమని అనను. సుమారు 500 హెక్టార్లను ఒక వాటర్‌షెడ్‌గా తీసుకొని, గ్రామస్థుల చేతనే ప్రణాళిక వేయించాలని 1994లో హనుమంతరావు కమిటీ చెప్పింది. మంచి ఆలోచనే. మా ఊరికీ రాతికట్టలు, కందకాలు, ఒక ఊటకుంట వచ్చాయి. అయితే నిండిన నీటిని ఎవరు ఎంత తోడుకోవాలన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయలేదు. కుంట దిగువ బావుల్లో ఊట కనిపించగానే కొత్త బోర్లు పడ్డాయి. వేరుసెనగ వేసే చోట వరి వచ్చింది. మేమూ వేశాం, ఇతరులను అని ఏం లాభం? నాలుగో బోరు ఎండిన ఏడు అప్పు మాత్రం మిగిలింది.

2002లో వచ్చిన వాల్టా చట్టం పేరులోనే నీరు, నేల, చెట్టు మూడూ ఉన్నాయి. పేరు పెట్టినవారికి సంగతి తెలుసునన్నమాట! కొత్త బోరుకు అనుమతి తీసుకోమన్నది ఆ చట్టం. రాత్రికి రాత్రి రిగ్గు బండి వచ్చిపోయే ఊళ్ళో ఆ మాట వినేదెవరు? 2004లో ఉచిత విద్యుత్తు వచ్చాక తోడడానికి వెనుకాడవలసిన కారణమూ పోయింది.

ఆ రోజుల్లోనే ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, నెదర్లాండ్స్ ధనసహాయంతో, స్వచ్ఛంద సంస్థలు ఏడు కరువు జిల్లాల్లో మరో ప్రయత్నం చేశాయి. అక్కడ రైతులే వర్షమాపకం చదివారు, బావుల్లో నీటిమట్టం కొలిచారు. రబీకి ముందు కూర్చొని, ఉన్న నీళ్ళెన్ని, వేయదలచిన పంటలకు కావలసినవెన్ని అని లెక్క కట్టారు. ఆపైన ఎవరి పంట వారి ఇష్టం, నిర్బంధం లేదు.

ఆ లెక్క బ్రహ్మవిద్య కాదు. ఎకరంమీద ఒక మిల్లీమీటరు నీరంటే ఇంచుమించు 4,000 లీటర్లు. వరికి 1,200 మిల్లీమీటర్లు అనుకుంటే 48 లక్షల లీటర్లు. వేరుసెనగకు 500 అనుకుంటే 20 లక్షలు. మా నాన్నగారు చదివింది అయిదో తరగతే గాని చక్రవడ్డీని నోటిలెక్కతో కట్టేవారు. ఈ రెండు అంకెలూ ఆయనకు చెప్పినవారు లేరు.

2019 డిసెంబరులో కేంద్రం ప్రారంభించిన అటల్ భూజల్ యోజన ఇలాంటి నీటి బడ్జెట్టునే పంచాయతీల చేతికిచ్చింది. 6,000 కోట్ల రూపాయలతో, ఏడు రాష్ట్రాలకు. ఆ ఏడింటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణా లేదు.

నన్నడిగితే, చెక్‌డ్యాముకు సిమెంటు పంపే ముందు ప్రభుత్వం ప్రతి పల్లెకూ ఒక వర్షమాపకాన్నీ, బావి మట్టం కొలిచే టేపునూ, ఏటా దసరా వెళ్ళగానే వచ్చి ఊరివారితో కూర్చొని లెక్క కట్టే ఒక మనిషినీ ఇవ్వాలి. ఆ లెక్కను పంచాయతీ గోడమీద, మేకలకు అందనంత ఎత్తున, రంగుతో రాయించాలి.