నర్సింగ్ పై చదువుకు అప్పు కోత: సంతకం పెట్టే ముందు లెక్క చూసుకోండి

అమెరికాలో నర్సింగ్‌లో పై చదువు చదవాలనుకునే అక్కడి మన పిల్లలు, వారి అప్పుకు పూచీ పడబోయే తల్లిదండ్రులు ఒక తేదీ గుర్తుపెట్టుకోవాలి: 2026 జూలై 1. ఆ రోజు నుంచి కొత్తగా చేరేవారికి గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ రుణం ఉండదు. కాలేజీ లెక్కగట్టిన ఖర్చులో ఎంత తక్కువ పడితే అంతా ఇచ్చిన రుణం అది. 2025 జూలై 4న ట్రంప్ సంతకం చేసిన చట్టం దాన్ని ఎత్తేసి, పీజీ చదువులను రెండుగా విడదీసింది. ‘ప్రొఫెషనల్’ డిగ్రీ అయితే ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం మీద 2,00,000. తక్కినవాటికి ఏడాదికి 20,500, మొత్తం 1,00,000. వైద్యం, దంతవైద్యం, ఫార్మసీ, న్యాయశాస్త్రం, పశువైద్యం, కైరోప్రాక్టిక్, మతశాస్త్రం వంటివి మొదటి వరుసలో ఉన్నాయి. 2025 నవంబరులో విద్యాశాఖ కమిటీ ఒప్పుకున్న నిర్వచనం నర్సింగ్‌ను రెండో వరుసలోకి నెట్టింది. ఫిజికల్ థెరపీ, పబ్లిక్ హెల్త్‌లదీ అదే గతి.

ముందు ఒక భయం తీర్చాలి. నర్సుల లైసెన్సులకు ఏమీ కాలేదు. ఎన్‌క్లెక్స్ పరీక్ష, రిజిస్టర్డ్ నర్సు హోదా, ఉద్యోగాలు ఎప్పటిలాగే ఉన్నాయి. ‘అమెరికాలో నర్సింగ్‌కు గుర్తింపు పోయింది’ అంటూ వాట్సాప్‌లో తిరిగే మాట అబద్ధం. దాన్ని అడ్డం పెట్టుకుని ఏ కన్సల్టెన్సీ అయినా వేరే కోర్సు అంటగట్టబోతే నమ్మకండి. ఇక ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వెళ్లినవారికి ఫెడరల్ అప్పు ఎప్పుడూ లేదు. దెబ్బ తగిలేది అక్కడి పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి. అంటే అక్కడ స్థిరపడిన వేల తెలుగు కుటుంబాల పిల్లలకు.

ఆ దెబ్బ ఎంతో మత్తు ఇచ్చే నర్సులను తయారుచేసే నర్స్ అనస్థీషియా కోర్సు చూస్తే తెలుస్తుంది. ఇప్పుడది డాక్టరేట్ స్థాయి చదువు. కనీసం మూడేళ్లు, అందులో చాలాకాలం ఆపరేషన్ థియేటర్‌లోనే. పక్కన ఉద్యోగం చేసే వీలు దాదాపు ఉండదు. కొత్త పరిమితిలో మూడేళ్లకు అందేది 61,500 డాలర్లు. ‘ప్రొఫెషనల్’ కింద లెక్కిస్తే 1,50,000 అందేది. చాలా కాలేజీల్లో ఫీజే లక్ష దాటుతుంది, ఇంటి అద్దె, తిండి దానికి అదనం. పైగా ఇంతకుముందు మాస్టర్స్ కోసం తీసుకున్న ఫెడరల్ అప్పు కూడా ఆ లక్ష పరిమితిలోకి రావచ్చు.

తొంభై అయిదు శాతం నర్సింగ్ విద్యార్థులు ఏటా ఈ పరిమితికి లోపలే అప్పు తీసుకుంటున్నారని, కాబట్టి నష్టం లేదని విద్యాశాఖ అంటోంది. పరిమితి పెడితే కాలేజీలు ఫీజులు తగ్గిస్తాయనీ చెబుతోంది. ఫీజులు తగ్గాలనే మేమూ కోరుకుంటాం. కానీ మిగిలిన ఆ అయిదు శాతం ఎవరు? ఉద్యోగం మానుకుని పూర్తికాలం చదవాల్సినవారు, ఇంట్లో ఆస్తి లేనివారు. అమెరికా పల్లెల్లో చాలా ఆసుపత్రుల్లో మత్తు ఇచ్చేది నర్స్ అనస్థటిస్ట్ ఒక్కరే. రేపటి నర్సులకు పాఠం చెప్పాల్సింది కూడా పీజీ చదివిన నర్సులే. నర్సింగ్ కోర్సుల్లో అర్హత ఉన్నా సీటు దొరకని దరఖాస్తులు 2023లోనే 65,766 అని అక్కడి నర్సింగ్ కళాశాలల సంఘం తేల్చింది. అందుకు చెప్పిన ప్రధాన కారణాల్లో అధ్యాపకుల కొరత ఒకటి. ఉన్న కొరతను ఈ కోత ఇంకా పెంచుతుంది.

విద్యాశాఖ పాత నిబంధన ప్రకారం ప్రొఫెషనల్ డిగ్రీ అంటే వృత్తి ప్రారంభానికి కావలసిన చదువు, బ్యాచిలర్స్‌ను మించిన నైపుణ్యం. సాధారణంగా లైసెన్సు కూడా ఉండాలి. పీజీ చదివి రోగులకు చికిత్స చేసే నర్స్ ప్రాక్టీషనర్‌కు ఈ మూడూ ఉన్నాయి. లైసెన్సు అవసరం లేని మతశాస్త్రం జాబితాలో ఉండగా నర్సింగ్ లేకపోవడానికి న్యాయమైన కారణం మాకు కనబడదు. జాబితాకు మూలమైన ఆ పాత నిబంధనలోని డిగ్రీల పేర్లు ఉదాహరణలు మాత్రమేనని దాని వాక్యమే చెబుతోంది. ఇంకొక సంగతి: అదే ప్రభుత్వపు కార్మికశాఖ గ్రీన్‌కార్డుల కోసం ‘షెడ్యూల్ ఎ’ అనే కొరత వృత్తుల జాబితాలో దశాబ్దాలుగా ‘ప్రొఫెషనల్ నర్సులు’ అనే రాస్తోంది. విదేశీ నర్సు అవసరమైనప్పుడు ప్రొఫెషనల్, సొంత బిడ్డకు అప్పు ఇవ్వాల్సినప్పుడు కాదా?

2026 జూలై 1కి ముందే కోర్సులో చేరి, ఆ కోర్సుకు ఫెడరల్ అప్పు తీసుకున్నవారికి పాత పరిమితులే గరిష్ఠంగా మూడేళ్లు, లేదా కోర్సు మిగిలిన కాలం, ఏది తక్కువైతే అంతవరకు కొనసాగుతాయి. మధ్యలో కోర్సు మారితే, మానేస్తే ఈ రక్షణ పోవచ్చు. కాలేజీ ఆర్థిక సహాయ కార్యాలయం నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకోకుండా ఏ మార్పూ చేయకండి. కొత్తగా చేరేవారు మొదటి ఏడాదికి కాదు, కోర్సు మొత్తానికీ డబ్బు ఎక్కడినుంచి వస్తుందో చూసుకోవాలి. లోటు పూడ్చడానికి ప్రైవేటు రుణం వైపు వెళితే కో-సైనర్‌గా సంతకం పెట్టేది తల్లిదండ్రులైన మీరే, బాకీ మిగిలితే బాధ్యత మీదే. ప్రభుత్వ, లాభాపేక్ష లేని ఆసుపత్రుల్లో పదేళ్లు పనిచేస్తూ వాయిదాలు కడితే దక్కే ఫెడరల్ అప్పు మాఫీ ప్రైవేటు అప్పుకు వర్తించదు.

ఓటున్న తెలుగువారికి ఒక విన్నపం. నర్సింగ్‌ను జాబితాలో చేర్చాలని అమెరికన్ నర్సెస్ అసోసియేషన్ పోరాడుతోంది. మీ ప్రాంత కాంగ్రెస్ సభ్యుడి కార్యాలయానికి ఈ వారంలోనే ఫోన్ చేయండి. మీ ఇంట్లో ఎవరు ఏ కోర్సు చదువుతున్నారో, కొత్త పరిమితి వల్ల ఎంత తక్కువ పడుతుందో అంకెలతో చెప్పండి.