శని పడగొట్టెనా?

నెపోలియన్ బోనపార్టు పతనమునకు జ్యోతిష్కులు చెప్పు కారణమొకటి కలదు. ఆయన జాతకమున శని దశమ స్థానమందుండెననియు, అట్టి శని మనుష్యుని సింహాసనము వరకు ఎత్తి పిమ్మట పడవేయుననియు వారందురు. మన సంఘములలో చదువుకొన్న బిడ్డలు సైతము ఈ మాటకు తలయూచుచున్నారు.

జాతకమునకు పుట్టిన గడియ కావలెను గదా. నెపోలియన్ 1769 ఆగస్టు 15న కోర్సికా ద్వీపమందలి అజాచియోలో పుట్టెను. తల్లి గుడికి వెళ్లి, నొప్పులు రాగా ఇంటికి మరలి కనెనని చెప్పుకొందురు. అయితే 1796లో తన వివాహపత్రమున ఆయనే 1768 ఫిబ్రవరి 5న పుట్టితినని వ్రాయించెను. పెండ్లికుమార్తె జోసెఫీను తన వయస్సును నాలుగేండ్లు తగ్గించుకొనెను! శని ఏ తేదీని నమ్మెనో?

ఆయన సేనానులైన నే, సూల్ అనువారును 1769లోనే పుట్టిరి. ఇద్దరును వాటర్లూలో ఆయనతో నుండిరి. నే 1815 డిసెంబరులో తుపాకి గుండ్లకు కూలెను. సూల్ పిమ్మట మంత్రియై, 82 ఏండ్లు బ్రదికి, పుట్టిన ఊరి దగ్గరనే కన్నుమూసెను. వాటర్లూలో గెలిచిన వెల్లింగ్టను పుట్టినదియు ఆ యేటనే. లగ్నములు వేరందురు. ఫలితము తెలిసిన పిమ్మట స్థానము వెదకుట ఎవరికి చేతకాదు?

ఇక జరిగినది వినుడి. రష్యాలో నాలుగేండ్లు ఫ్రెంచి రాయబారిగా నుండిన కోలెన్‌కూర్ 1811లో తిరిగివచ్చి, ఆ దేశపు చలిని గూర్చియు, అలెగ్జాండరు చక్రవర్తి లొంగక వెనుకకు పోవుచునే యుండునని గూర్చియు గంటలకొలది చెప్పెను. నెపోలియన్ వినలేదు. 1812 జూన్ 24న సేన నీమన్ నది దాటసాగెను. ఆ దండయాత్రకు పోయినవారు సుమారు ఆరు లక్షలు. మేత లేక గుర్రములును, జ్వరములతో మనుష్యులును మంచు పడకమునుపే వేలకొలది చచ్చిరి. మాస్కోలో సంధి కబురు కొరకు ఐదు వారములు ఊరక కనిపెట్టిరి. గుర్రములకు మంచునేలకు తగిన లాడములు లేవు. కోలెన్‌కూర్ చేతిక్రింది గుర్రములకు మాత్రము వేయించియుండిరి. లాడములు మరచినది శనియా?

నాతాను దావీదు నొద్దకు వచ్చినప్పుడు గ్రహముల ఊసెత్తలేదు. ఊరియాను గూర్చి అడిగెను. అక్కడ చచ్చినవాడు ఊరియా. ఇక్కడ లక్షల తల్లుల బిడ్డలు. శని పడగొట్టెనన్నచో వారి రక్తమును గూర్చి ఎవరినడుగుదుము?

మన ఇండ్లలో ఏలినాటి శని యను మాట రుచించుటయు ఇందుకే. త్రాగి పొలము తాకట్టు పెట్టినవాడును, భార్యను కొట్టి పుట్టింటికి తరిమినవాడును ఆ మాట చాటున దాగుచున్నారు. సంఘపెద్దలు వానిని అడుగుట మాని జాలిపడుచున్నారు. ఆమె యింకను పుట్టింటనే యున్నది, దానికెవరు జాలిపడిరి?

నెపోలియన్ శనిని నిందింపలేదు, చలిని నిందించెను. 1812 డిసెంబరు 3 నాటి ప్రకటనలో సేన నాశనమునకు చలియే కారణమని వ్రాయించి, చక్రవర్తి ఆరోగ్యము మునుపెన్నడును ఇంత మేలుగా నుండలేదని ముగించెను. రెండు దినములకు, మిగిలినవారిని మంచులో విడిచి పారిసుకు బయలుదేరెను. బండిలో ఆయన ప్రక్కన కూర్చున్నవాడు కోలెన్‌కూరే.