టీపొడికి రంగు కాదు, ఊరు అడగండి

రాజమండ్రిలో ఇరవై ఆరేళ్లుగా లూజు టీపొడి అమ్ముతున్నాను. కొట్టుకొచ్చిన వాళ్లు మొదట అడిగేది ఒకటే: "రంగు బాగా దిగుతుందా?" ఏ తోటది, ఎప్పుడు తయారైంది అని అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

సరుకు కోసం నీలగిరి కొండల్లోని కూనూరు వెళ్లినప్పుడు ఆ రంగు వెనకున్న కథ తెలిసింది. చిన్నరైతు కోసిన పచ్చాకు అదే రోజు ఫ్యాక్టరీకి చేరాలి. సంచిలో కుక్కి ఉంచితే వేడెక్కి పాడైపోతుంది. కిలో పొడికి నాలుగున్నర కిలోల దాకా ఆకు పడుతుంది. రెండాకులూ మొగ్గా చేత్తో గిల్లితేనే మంచి పొడి. ఆకు ధర కోత కూలికే సరిపోతే రైతు కత్తెర పడతాడు, ముదురాకూ కాడలూ కలిసిపోతాయి. ఆ పొడి ఎంత మరిగించినా పలచనే. ఆ తర్వాత ఏ గోదాములోనో దానికి రంగు కలుస్తుంది.

డస్ట్ అంటే ఊడ్చిన చెత్త కాదు. రేణువు సైజును బట్టి పెట్టిన పేరది. 1930ల్లో అస్సాంలో మెకెర్చర్ అనే ఆయన ఆకును నలిపి, చీల్చి, చుట్టే సీటీసీ యంత్రం తెచ్చాడు. మన పాలటీకి ఆ యంత్రంలో తయారైన సన్నపొడే సరైనది. మంచి డస్టుకు పైరంగు అక్కర్లేదు.

ఒకసారి నాకొచ్చిన బస్తాలోంచి చిటికెడు తీసి తడి కాగితం మీద చల్లాను. నిమిషంలో ఎర్రటి మరకలు పాకాయి. బస్తా తిప్పి పంపాను. ఆ రంగుకు అలవాటుపడ్డ రెండు టీకొట్లు నా దగ్గర కొనడం మానేశాయి. ఆ బాధ ఇంకా ఉంది.

2024లో దేశంలో తయారైన టీ సుమారు 128 కోట్ల కిలోలు. విదేశాలకు వెళ్లింది 25 కోట్ల చిల్లర. మిగిలినదంతా దాదాపు మనమే తాగుతున్నాం. పురుగుమందు అవశేషాలు మోతాదు మించితే బయటి దేశాలు సరుకు వెనక్కి పంపుతాయి. మన బస్తాకు అంత పట్టింపు ఎందుకుండదు? లూజు బస్తా మీద ఫ్యాక్టరీ పేరు, తయారీ తేదీ ఉండాలి. ఆ రెండూ కొట్టు ముందు పలక మీద రాయాలని ఆహార భద్రత అధికారులు పట్టుబట్టాలి. నేను రాస్తున్నాను. తడి కాగితం గల్లాపెట్టె పక్కనే ఉంది, అడిగినవాళ్ల ముందే పొడి చల్లి చూపిస్తాను.